వడ్లగింజంత ఎక్కువ కోసిన గొట్టం

ఆ రోజు తప్పింది నా చెవి కాదు. ఈ మాట నలభై ఏళ్ళుగా చెబుతున్నాను. మా వాళ్ళెవరూ పట్టించుకోలేదు కాబట్టి ఇప్పుడు అచ్చులో చెబుతున్నాను. మొన్న మా చెల్లెలి కూతురు పురిటికి వచ్చినప్పుడు, పసిదాని మాడుకు రాయడానికి మా మేనత్త గరిటెలో ఆముదం వెచ్చబెడుతూ కబుర్లలో పడింది. నూనె పొయ్యి మీదికి పొర్లి, మాడి, ఆ తియ్యటి, గొంతుకు అడ్డంపడే చిక్కటి పొగ వంటింట్లోంచి వసారాలోకి వచ్చేసరికి ఇంటిల్లిపాదీ ఒక్కసారే నవ్వారు. "దావీదన్నయ్య విమానం వాసనర్రా!" అంది అత్త. అని ఊరుకుందా? మా చెల్లెలి అల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, నన్ను చూపిస్తూ కథ మొదలెట్టింది. "మా అన్నయ్య బొమ్మ విమానానికి పొగగొట్టం చేశాడు బాబూ. దీని చెవి బంగారమని నమ్మి, ఇది కొయ్యమన్న కాడికల్లా కోసుకుంటా పోయాడు. ఆఖర్న ఇది తప్పు చెప్పింది. లక్షణమైన ఇంజిను బూడిదైపోయింది. అయినా దీన్ని ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు మా అన్నయ్య. ఎంత ప్రేమో!"

ప్రేమ సంగతి తర్వాత చూద్దాం. మా అత్త కథలో నాన్న ఒక మంచివాడు, నేనొక చెవి, మిగతాదంతా నవ్వు. అందులో లేనివాటిని ముందు ఎక్కడివక్కడ పెట్టాలి.

మా నాన్న దావీదు నిడదవోలులో కాలువ గట్టు కింద ఒక రేకుల షెడ్డులో పాత లేత్ మిషను పెట్టుకుని ఆయిల్ ఇంజిన్లు బాగుచేసేవాడు. చుట్టుపక్కల ఊళ్ళలో చేలకు నీళ్ళు తోడే ఇంజిను మొరాయించిందంటే ఆయనకే కబురొచ్చేది. వెళ్ళి వెంటనే ఏదీ విప్పేవాడు కాదు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన నడుస్తున్న ఇంజిను మీద ఆనించి, పిడి చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, డాక్టరు గుండె చూసినట్టు నాలుగుచోట్ల చూసి, "రింగులు అరిగాయండి," అనో, "వాల్వు సరిగ్గా కూర్చోడం లేదండి," అనో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే అయ్యేది. చెవితో ఇంజిను చదువుతాడని ఆయనకు పేరు. ఊడ్పుల కాలంలో ఆయన దావీదు గారు, నూర్పులయ్యాక ఒరే దావీదు. ఆ గారికీ ఈ ఒరేకీ మధ్య ఉన్న దూరం నాకు ఐదో ఏటే తెలుసు.

నా చెవి సంగతి వేరు. అమ్మ చర్చిలో పాడేది, నేను హార్మోనియం వాయించేదాన్ని. శనివారం సాయంత్రాలు మా ఇంట్లోనే పాటలు నేర్చుకునేవారు. డిసెంబరు వస్తే ఒక పక్క ఈ పాటలు, ఇంకో పక్క పెద్ద మూకుట్లో గులాబీ పువ్వుల అచ్చు నూనెలో ముంచి లేపుతున్న చుయ్యిమనే చప్పుడు, అరిసెల పాకం వాసన, గోడకు కొత్తగా కొట్టిన సున్నం వాసన, షెడ్డులోంచి కిరసనాయిలు వాసన, వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడుతున్న పిల్లల అరుపులు, వీటన్నిటి మధ్యా ఎవరి గొంతు అరమెట్టు దిగినా నాకు ముల్లు గుచ్చుకున్నట్టుండేది. "పద్మక్కా, నువ్వు కిందకి పోతున్నావ్," అని ముఖం మీదే అనేసేదాన్ని. అప్పటికి నాకు పదేళ్ళు. నోరు అప్పుడూ ఇదే.

ఆ క్రిస్మస్ ముందే సుధాకర్ మాస్టారు వచ్చారు. రాజమండ్రిలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారాయన. స్కూటరు దిగి, జేబురుమాలు విప్పి, జామకాయంత ఇంజిను ఒకటి నాన్న చేతిలో పెట్టారు. ఓడలో పనిచేసే వాళ్ళ బావమరిది విదేశం నుంచి తెచ్చిందట. ఆ ఇంజిను పెట్టిన బొమ్మ విమానం రెండు సన్నటి తీగల చివర కట్టి ఉంటుంది. మాస్టారు మధ్యలో నిలబడి తీగల పిడి పట్టుకుని తనూ తిరుగుతుంటే అది గానుగెద్దులా ఆయన చుట్టూ తిరుగుతుంది. కాకపోతే ఆ ఎద్దు కంటికి ఆనదు. ఉత్తరాదిలో ఎక్కడో పోటీ. ఎవరిది జోరుగా తిరిగితే వారిదే గెలుపు. అలాంటి ఇంజిను ఇంకొకటి కొనడం మాస్టారి వల్ల కాదు.

"జోరంతా పొగగొట్టంలో ఉంటుంది దావీదు గారూ. దాని పొడుగు కుదరాలి. పుస్తకంలో లెక్క ఉంది గానీ, మనం చేసే గొట్టానికి ఆ లెక్క సరిపోదు," అన్నారాయన.

"ఆయ్, చేద్దామండి," అన్నాడు నాన్న. ఆయనకు పుస్తకంతో పనిలేని పనంటే ప్రాణం.

పల్చటి రేకు చుట్టి, రెండు గరాటులు మూతీ మూతీ కలిపినట్టు నాన్న ఒక గొట్టం చేశాడు. ఆ గరాటులకూ ఇంజినుకూ మధ్య వేలెడు లావున తిన్నటి గొట్టం ముక్క ఉంటుంది. కొయ్యవలసింది దాన్నే. కావాలనే పొడుగ్గా చేసి, కొంచెం కొంచెంగా కోసుకుంటూ రావాలి. ఎందుకలా అని అడిగితే, అన్నం కలుపుతూ చెప్పాడు: "ఇంజిను పొగ వదిలేటప్పుడు, దాంతోపాటు కొత్తగా వచ్చిన ఆవిరి కూడా కొంత బయటికి పోద్దమ్మా. తినకుండా ఎల్లిపోతున్న చుట్టం లాగ. ఆ పొగ దెబ్బ గొట్టం చివరికంటా ఎళ్ళి, తిరిగొచ్చి, ఆ చుట్టాన్ని గుమ్మం కాడ పట్టుకుని లోపలికి తొయ్యాలి. తోసిందాకా తలుపు తెరిచుండాలి, తోసీగానే ముయ్యాలి. గొట్టం పొడుగైతే తలుపేశాక వస్తది. పొట్టయితే చుట్టం లెగవకముందే వస్తది."

"అప్పుడేమవుద్ది?"

"గొడవవుద్ది," అంది అమ్మ, చారు పోస్తూ.

కొయ్యడానికి మా కొలత వడ్లగింజ. గింజ మందం గీత గీసి, హాక్సా బ్లేడుతో కోసి, ఆకురాయితో అంచు సాపు చేసి, మళ్ళీ బిగించి, స్పిరిట్టులో ఆముదం కలిపిన నూనె పోసి నడిపించేవాడు. తెల్లవారి పొగమంచులో ఆ మాడిన ఆముదం పొగ కలిసి షెడ్డంతా పాలు విరిగినట్టుండేది, రేకులు దడదడలాడేవి, పక్కింటి కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయని వాళ్ళు తగువుకొచ్చేవారు. నడిచేటప్పుడు మాట వినపడదు కాబట్టి ఎవరమూ మాట్లాడేవాళ్ళం కాదు. నేను ఇంట్లోకి పరిగెత్తి ఆ గొంతు హార్మోనియం మీద ఏ మెట్టుదో చూసి వచ్చేదాన్ని. ఇంజిను ఆపగానే నాన్న నా వైపు తిరిగి, నా ముఖంలోకి చూస్తూ, "ఏంటమ్మా?" అనేవాడు. నేను "ఇంకా" అంటే ఇంకో గింజ కోసేవాడు. మెట్టు ఎక్కుతూ పోయేది. కానీ మెట్టొక్కటే కాదు. గొట్టం కుదిరినప్పుడు గొంతు నిండుతుంది, గదిలో అందరూ ఒకే శృతిలోకి వచ్చినట్టు. ఆ నిండు కోసమే నేను కాచుకునేదాన్ని.

ప్రతిసారీ నా వైపు పూర్తిగా తిరిగి, నా ముఖంలోకి చూసి అడుగుతాడని నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. ఊళ్ళో ఏ తండ్రి కూతుర్ని ఒక సంగతి అడిగి, జవాబు కోసం అలా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు కనక?

ఆ చలికాలంలోనే ఇంకొకటి చూశాను. రైతుల ఇంజిన్ల దగ్గర స్క్రూడ్రైవరు పిడి చెవికి కాకుండా పళ్ళ మధ్య పెట్టుకోవడం మొదలుపెట్టాడు. "ఏంటి నాన్నా, దాన్ని గానీ తింటావా ఏంటి?" అన్నాను. "పంటికయితే ఇంకా బాగా తెలుస్తాదే," అన్నాడు. చూసేవాళ్ళకు అదొక కొత్త విద్యలా కనిపించింది. పేరు ఇంకా పెరిగింది.

నూర్పులైపోయాక, ఒక ఆదివారం మధ్యాహ్నం, సుబ్బరాజు గారి కళ్ళంలో విమానం ఎగరేశాం. ఆయన పెద్ద రైతు. ఆయనకున్న మూడు ఇంజిన్లూ నాన్నే చూసేవాడు, ఆయన మాట మీద ఇంకో పది ఊళ్ళ ఇంజిన్లు వచ్చేవి. కళ్ళం పేడతో అలికి గట్టిగా, గుండ్రంగా, పళ్ళెంలా ఉంది. చుట్టూ కోసిన దుబ్బులు, పక్కన గడ్డిమేటు, ఎండిన గడ్డి వాసన. ఎద్దుల్ని విప్పేసిన బండి ఒకటి ఆ చివర ఉంటే దాని చట్రానికి నాన్న, కోసేటప్పుడు గొట్టం కదలకుండా పట్టి ఉంచే వైసు బిగించాడు. మాస్టారు మధ్యలో పిడి పట్టుకుని నిలబడ్డారు. నాన్న విమానం చేత్తో వదిలాడు.

అది తిరిగింది. ఆ శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నేల మీద ఎన్నడూ రాని నిండు గాలిలో వచ్చింది. నాలుగో చుట్టుకల్లా గొంతు విప్పుకుని, సన్నగా, బలంగా, ఒక్క వణుకు లేకుండా, ఆకాశానికి దారం కట్టి లాగినట్టు. ఎంత పొడుగు పాటయినా ఆఖరి మాట దగ్గర అందరి గొంతులూ కలిసినప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది చూడండి, అలా. దిగింది. మాస్టారు గడియారం చూసుకుని, అక్కడినుంచే కేకేశారు: "బావుంది! పోయినేడు గెలిచినవాడి కంటే అర సెకనే వెనక!"

ఆ అర సెకను అనకుండా ఉండవలసింది.

నాన్న విమానం తెచ్చి, గొట్టం ఊడదీసి, బండి దగ్గరికి వెళ్ళి వైసులో బిగించాడు. నేను ఆయన వెనక, రెండడుగుల దూరంలో నిలబడ్డాను. మాస్టారు అల్లంత దూరాన తీగలు చిక్కుపడకుండా సర్దుకుంటున్నారు. సుబ్బరాజు గారు ఇంకా రాలేదు. ఇంజిను ఆగి ఉంది. గాలి లేదు. "చాలు నాన్నా," అన్నాను. మామూలు గొంతుతో అన్నాను. చిన్నగా అనడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు. ఆయన నా వైపు తిరగలేదు. ఏంటమ్మా అని అడగలేదు. గీత గీశాడు. "నాన్నా, చాలు," అన్నాను మళ్ళీ. బ్లేడు ఆడింది. వడ్లగింజంత ఇనప ఉంగరం దుమ్ములో పడింది.

సుబ్బరాజు గారు వచ్చి గడ్డిమేటు నీడలో నిలబడి, పైపంచెతో విసురుకుంటూ చూస్తుండగా విమానం మళ్ళీ లేచింది. రెండు చుట్లు బాగానే ఉంది. మూడో చుట్టులో గొంతు పైకి పోయింది, పోయి, పలచబడింది. నిండు లేదు. గోరుతో పలక గీకినట్టు ఒక అరుపు. తొందరగా తిరిగొచ్చిన ఆ పొగ దెబ్బ ఇంజినును దాని శక్తికి మించి పరిగెత్తించింది. అంత పరుగుకు నూనె అందలేదు, వేడెక్కిపోయింది, పిస్టను పట్టేసింది. ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. తీగలు వదులయ్యాయి. విమానం ముక్కు కిందికేసి దుబ్బుల్లోకి దిగబడింది. మాస్టారు పరిగెత్తికెళ్ళి దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చారు. లోపల కడ్డీ విరిగి, పిస్టను ఆడే లైనరును చీల్చుకుని బయటికొచ్చేసింది. ఆయన ఆ ముక్కల్ని జేబురుమాల్లో మూటగట్టుకున్నారు.

అప్పుడు సుబ్బరాజు గారు నవ్వుతూ, ఊరికే, వేళాకోళానికి, "ఏం దావీదూ, చెవి గానీ దెబ్బతిందా ఏంటి?" అన్నారు.

నాన్న ఆయన్ని సూటిగా చూసి, "నా చెవి కాదండి. అమ్మాయి చెవి. ఇది ఇంకొంచెం కొయ్యమందండి," అన్నాడు.

"నేను చాలన్నాను!" అని అరిచాను. "రెండుసార్లన్నాను!"

"పిట్ట కొంచెం కూత ఘనం అంటే ఇదేనోయ్!" అన్నారు రాజుగారు. మాస్టారు కూడా ఆ బాధలోనే కొంచెం నవ్వారు. నాన్న అప్పుడూ నా వైపు తిరగలేదు. వైసు విప్పుతూ ఉన్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, కాళ్ళు కడుగుతూ అడిగింది.

"నిజం చెప్పు. నువ్వేమన్నావ్?"

"చాలన్నాను."

అమ్మ చెంబులో మిగిలిన నీళ్ళు నా కాళ్ళ మీద పోసేసింది. "సరే. ఇంక ఆ మాట ఎక్కడా అనకు," అంది.

"ఎందుకనకూడదు? నిజమేగా?"

"ఆ చెవి మీదేనే మన పొయ్యి ఎలిగేది," అంది. నాకేమీ అర్థం కాలేదు. నన్ను అబద్ధాలకోరును చేశారని మటుకు అర్థమైంది.

తర్వాతి ఆదివారం చర్చిలో ఒక పెద్దాయన, "ఏమ్మా, చెవి తప్పిందంటగా?" అని నవ్వుతూ తల నిమిరారు. హార్మోనియం ముందు కూర్చున్నాను. పాట ఎత్తుకునే మెట్టు మీద వేలు పెట్టి, ఇదేనా అని ఆగాను. అంతకుముందు ఎన్నడూ ఆగలేదు. అందరూ ఊపిరి పట్టుకుని నిలబడ్డారు, అమ్మ నా వైపు చూసింది, నేను పక్క మెట్టు నొక్కాను. అది తప్పు. తప్పని వినపడుతూనే ఉంది, అయినా నా చెవిని నేనే నమ్మలేదు. ఏడాది తిరక్కుండా హార్మోనియం ఇంకొకరికిచ్చేశారు. నేను అడ్డు చెప్పలేదు. అన్నిటికీ అడ్డు చెప్పేదాన్ని, దానికి మాత్రం చెప్పలేదు. మాస్టారు మళ్ళీ మా షెడ్డుకు రాలేదు.

డిగ్రీలో ధ్వని పాఠం చెబుతూ మా లెక్చరరు, చెవుడు వచ్చినవాళ్ళకు కూడా ఎముక ద్వారా, పంటి ద్వారా శబ్దం లోపలి చెవికి చేరుతుందని మామూలుగా అనేసి, బోర్డు తుడుచుకున్నారు. నేను క్లాసులోంచి లేచి బయటికి వచ్చేశాను. పళ్ళ మధ్య స్క్రూడ్రైవరు. ముఖంలోకి చూస్తూ "ఏంటమ్మా?" అనడం. నన్ను చూసి అడుగుతున్నాడనుకుని మురిసిపోయాను. ఆయన చూసింది నా పెదాలు. చెవి పోయిందని సుబ్బరాజు గారికి తెలిస్తే ఆ వారంలో పది ఊళ్ళకూ తెలుస్తుంది, ఒక్క ఇంజిను కూడా మా షెడ్డు గుమ్మం ఎక్కదు. అందుకని తన చెవిని కాపాడుకోవడానికి నా చెవిని ఇచ్చేశాడు. కాపాడుకున్నాడు కూడా. ఆ పేరు మీదే మేం తిన్నాం, ఆ పేరు మీదే నేను ఆ డిగ్రీ క్లాసులో కూర్చున్నాను. కాబట్టి కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదంటారు మా చెల్లి లాంటివాళ్ళు. తిన్న అన్నానికీ, పడ్డ నిందకూ చెల్లుకు చెల్లు వేసే లెక్క నాకు తెలీదు.

పోనీ, అంతటితో సరిపెట్టుకుందామా అంటే, ఒకటి కుదరదు. ముఖం చూస్తే తప్ప నా మాట తెలియదని ఆయనకు తెలుసు. అందుకే అన్ని రోజులూ తిరిగి చూశాడు. ఆ ఒక్కసారి తిరగలేదు. వినపడకపోతే అది చెవుడు. వినపడుతుందేమోనని తిరగకపోతే దాన్నేమంటారు?

ఇప్పుడు ఆ చేలకు కరెంటు మోటార్లు. మీట నొక్కితే నీళ్ళు, చెడితే ఊడబెరికి పట్నం పంపడమే, ఎవరి చెవీ అక్కర్లేదు. కోత మిషను చేలోనే నూర్చి ఇచ్చేస్తోంది, కాబట్టి కళ్ళం అంటే మా చెల్లెలి కూతురికి తెలీదు. సుబ్బరాజు గారి కళ్ళం ఉన్నచోట రొయ్యల చెరువు తవ్వారు. బొమ్మ విమానాలు ఉన్నాయి, బ్యాటరీవి. తుమ్మెదలా గుయ్యిమంటాయి, పొగా లేదు, గొట్టమూ లేదు. కోస్తే పోతుందని భయపడుతూ కొయ్యవలసింది వాటిలో ఏదీ లేదు.

చనిపోయిన ఏడు నాన్న రాజమండ్రిలో నా దగ్గరే ఉన్నాడు. అప్పటికి చెవుడు దాచుకునే అవసరం లేదు, అయినా ఒప్పుకోలేదు. చెవికి పెట్టుకునే మిషను కొనిపెడితే సొరుగులో పడేశాడు. "నాకు బానే వినపడతాది. మీరే సణుగుతున్నారు," అనేవాడు. ఒక మధ్యాహ్నం మంచం పక్కన కుర్చీ వేసుకుని, ఎదురుగా కూర్చుని, పెదాలు బాగా కనపడేలా, ఒక్కో మాటా విడదీసి అడిగాను. "నాన్నా. ఆ రోజు కళ్ళంలో. నేను చాలన్నాను. నీకు వినపడిందా?"

నా పెదాల వైపే చూశాడు. చివరి మాట దాకా చూశాడు. తర్వాత కళ్ళు పైకెత్తి, "ఆ ఫ్యాను బేరింగు పోయిందమ్మా. మార్పించు," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఫ్యాను నిశ్శబ్దంగా తిరుగుతోంది, నాకేమీ వినపడలేదు. కాగితం మీద రాసి చేతికివ్వచ్చు, ఆయనకు చదవడం బాగా వచ్చు. పెన్ను తీశాను కూడా. చదివాక ఇంక తప్పించుకోవడానికి దారుండదని, మూత పెట్టేశాను. ఆ జాలి నాలో ఎక్కడినుంచి వచ్చిందో. ఆయన పోయిన నెలకు ఫ్యాను ఆగిపోయింది. ఎలక్ట్రీషియను దింపి, విప్పి, చేతిలో తిప్పి చూపించాడు. "బేరింగండి మేడం. ఎప్పటినుంచో అరుస్తూ ఉండుంటాది. మీకు వినపడలేదా?"

మాకెవరికీ వినపడని ఆ అరుపు మంచం మీదినుంచే పట్టుకున్న మనిషికి, రెండడుగుల వెనక నిలబడి పదేళ్ళ కూతురు రెండుసార్లు "చాలు నాన్నా" అంటే వినపడలేదా, విననట్టు ఊరుకున్నాడా?